ఆల్ టెరైన్ టైర్లా? ముందు పక్కగోడ చదవండి

సంపాదకులకు,

ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు ఆల్ టెరైన్ టైర్లు (తారు రోడ్డుకూ, మట్టి, రాళ్ల దారికీ పనికొచ్చేవి) వేయించేవాళ్లు చాలామంది గాట్ల లోతు చూసి మురిసిపోతారు. చూడాల్సింది పక్కగోడ మీది అంకెలు: మిల్లీమీటర్లలో వెడల్పు, అందులో శాతంగా పక్కగోడ ఎత్తు, అంగుళాల్లో రిమ్ము. 265/65 ఆర్17 బదులు 265/70 ఆర్17 వేస్తే టైరు వ్యాసం 776 నుంచి 803 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగమే, ఓ 13 మిల్లీమీటర్లు! స్పీడోమీటరు మాత్రం మునుపటికన్నా 3 శాతానికి పైగా తక్కువ చూపుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌ఫ్లాప్‌కో లోపలి లైనర్‌కో రాసుకోవచ్చు. లోడు వేసి, రెండు వైపులా తిప్పి చూశాకే డబ్బు కట్టాలి.

లోడ్ ఇండెక్స్ 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. బండి తయారీదారు చెప్పిన అంకెకు తగ్గకూడదు. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం గట్టిది, రాళ్ల కోతకు బాగా తట్టుకుంటుంది. కానీ కుదుపు, ఇంధనం ఖర్చు పెరుగుతాయి. అంతే బరువుకు గాలీ ఎక్కువ కావాలి. పాత పీఎస్‌ఐతోనే (గాలి ఒత్తిడితోనే) నడిపితే వేడెక్కి, అంచులు అరుగుతాయి. ఎప్పుడూ తారు రోడ్డు మీదే తిరిగే బండికి అవి దండగ.

ముందు రెండు కొత్తవి, వెనుక రెండు అరిగినవి వేయడం మరీ చేటు. 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందే హై గేరులో) ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి కదా, వ్యాసం తేడా భారమంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (రెండు ఇరుసులకూ శక్తి పంచే గేరుపెట్టె) మీద పడుతుంది. స్టెప్నీతో సహా ఐదూ ఒకేసారి మార్చడం మేలు.

పక్కగోడ మీది డాట్ కోడ్ (తయారీ గుర్తు) చివర 2324 ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. బిల్లుకు ముందే ఐదింటి మీదా అది చూడండి.

– ఒక పాఠకుడు