అన్నింటికీ కాలేయమే కారణం కాదు

సంపాదకులకు,

నమస్కారం. రెండు మందులు కలిపి వాడినప్పుడు ఒకటి మరొకదానిపై ఎలా ప్రభావం చూపుతుందో వివరిస్తూ మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం ఉపయోగకరంగానే ఉంది. అయితే ఆ ప్రభావమంతా కాలేయంలోని ఎంజైములదే అన్నట్టు రాయడంతో సగం విషయం మరుగున పడిపోయింది. మందు విచ్ఛిన్నం కావడం ఒక ఎత్తు అయితే, అసలది కణంలోకి ప్రవేశించడం, ప్రవేశించాక అక్కడ నిలవడం మరో ఎత్తు. చాలా మందుల విషయంలో ఈ రెండో పని కణత్వచంలో, అంటే కణం చుట్టూ ఉండే పొరలో, ఇమిడి ఉండే రవాణా ప్రొటీన్ల చేతుల్లో ఉంటుంది. వాటి సంఖ్య గానీ చురుకుదనం గానీ ఎప్పుడూ ఒకేలా ఉండవు. పరిస్థితిని బట్టి శరీరమే వాటిని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది.

వీటిలో అన్నింటికన్నా ముందు చెప్పుకోవాల్సింది పి-గ్లైకోప్రొటీన్. కాల్చిసిన్ అనే మందుకు లొంగని హ్యామ్‌స్టర్ కణాల ఉపరితలంపై జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు 1976లో దీన్ని గుర్తించారు. ఇది కణానికి ఇంధనం వంటి ఏటీపీ అణువుల శక్తిని ఖర్చు చేస్తూ, పొరలోకి చొరబడిన మందు అణువులను తిరిగి బయటికి తోసేస్తుంది. ప్రేగు గోడలో ఉన్నది మందును మళ్లీ ప్రేగులోకే పంపుతుంది. కాలేయంలోది పైత్యరసంలోకి, మూత్రపిండంలోది మూత్రంలోకి నెడుతుంది. మెదడు రక్తనాళాల గోడల్లో ఉన్నది మందును మెదడులోకి పోనివ్వదు. విరేచనాలు కట్టడానికి వాడే లోపెరమైడ్ ఓపియాయిడ్ (నల్లమందు తరహా) జాతి మందే అయినా మామూలు మోతాదులో మత్తు ఎక్కకపోవడానికి ప్రధాన కారణం ఈ కాపలాయే.

మరి ఈ ప్రొటీన్ ఎంత ఉండాలో నిర్ణయించేదేమిటి? అందులో పెద్ద పాత్ర పీఎక్స్ఆర్ అనే గ్రాహకానిది, అంటే కణంలోకి వచ్చిన మందుల వంటి అణువులను పసిగట్టే ప్రొటీన్‌ది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ వంటి అణువు దానికి అతుక్కోగానే, అది మరో గ్రాహకంతో జతకట్టి, కేంద్రకంలోని డీఎన్ఏను పట్టుకుని, పి-గ్లైకోప్రొటీన్ జన్యువును మరింత చురుకుగా పనిచేయిస్తుంది. ఆరోగ్యవంతులపై జరిపి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రిఫాంపిసిన్ వాడాక ప్రేగు గోడలో ఈ ప్రొటీన్ సగటున 3.5 రెట్లు పెరిగింది; నోటి ద్వారా ఇచ్చిన డిగాక్సిన్ అనే గుండె మందు రక్తంలోకి చేరడం బాగా తగ్గింది. అదే డిగాక్సిన్‌ను నరానికి ఎక్కించినప్పుడు మాత్రం తేడా చాలా స్వల్పం. డిగాక్సిన్‌ను కాలేయ ఎంజైములు పెద్దగా విడగొట్టవు, అందులో ఎక్కువ భాగం మారకుండానే మూత్రంలో పోతుంది. కాబట్టి ఇక్కడ నెపం కాలేయం మీదికి నెట్టడానికి వీల్లేదు.

మూలికలకు కూడా ఇదే వర్తిస్తుంది. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్‌లోని హైపర్‌ఫోరిన్ సైతం పీఎక్స్ఆర్‌నే ప్రేరేపిస్తుంది. మూలికే కదా అని దాన్ని వాడిన ఇద్దరు గుండె మార్పిడి రోగుల్లో, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ స్థాయి పడిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని 2000లో వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ ఎంజైములూ, రవాణా ప్రొటీన్లూ రెండూ పెరిగి ఉంటాయి.

జన్యువుల ద్వారా జరిగే ఈ మార్పుకు రోజులు పడితే, వేగంగా జరిగే మార్పులు వేరే ఉన్నాయి. క్వినిడిన్, వెరాపమిల్ వంటి గుండె మందులు పి-గ్లైకోప్రొటీన్ పనికే అడ్డుపడి డిగాక్సిన్ స్థాయిని పెంచేస్తాయి. పైత్య లవణాలను బయటికి పంపే ప్రొటీన్‌లో కొంత భాగాన్ని కాలేయ కణం పొర కిందనే చిన్న తిత్తుల్లో నిల్వ ఉంచుకుని, సంకేతం అందగానే పొరలోకి చేరుస్తుంది. మూత్రపిండంలోని కొన్ని రవాణా ప్రొటీన్లను కణం ఇందుకు విరుద్ధంగా లోపలికి లాక్కుంటుంది. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయంలోని అనేక రవాణా ప్రొటీన్ల ఉత్పత్తి తగ్గుతుంది.

అన్నింటికన్నా నాకు ఆందోళన కలిగించేది మందు మానేసే ఘట్టం. రిఫాంపిసిన్ ఆపిన రోజే పెరిగిన ప్రొటీన్ మాయం కాదు; ఉన్నది క్రమంగా క్షీణించి పూర్వస్థితికి రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఈలోగా, తగ్గిన ప్రభావానికి సరిపడా పెంచిన డిగాక్సిన్ మోతాదును అలాగే కొనసాగిస్తే, అది రోజురోజుకూ రక్తంలో ఎక్కువగా చేరి విషంగా పరిణమించవచ్చు. కొత్త మందేదీ మొదలుపెట్టలేదు కనుక రోగికి గానీ ఇంట్లోవాళ్లకు గానీ అనుమానమే రాదు. మీ వ్యాసంలో వైద్యునికి చెప్పాల్సిన విషయాలంటూ ఇచ్చిన పట్టికలో ప్రస్తుతం వాడుతున్న మందుల ప్రస్తావన మాత్రమే ఉంది. గత కొన్ని వారాల్లో మానేసిన మందులు, మూలికల వివరాలు కూడా చెప్పాలన్న మాటను ఆ పట్టికలో చేర్చి సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మకాలజీ అధ్యాపకుడు