ఫిట్స్ వచ్చే పసిబిడ్డకు జీన్ పరీక్ష మూడేళ్లకా?

సంపాదకుల వారికి,

మా బాబుకు ఆరో నెలలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. మా అత్తమ్మ వేణ్ణీళ్లతో లాల పోసి, సాంబ్రాణి పొగ వేసి నా ఒళ్లో పెట్టింది, పాలు తాగుతూ తాగుతూనే ఎడమ చెయ్యి ఒక్కటే కొట్టుకోవడం మొదలైంది, ఆటోలో ఆస్పత్రికి చేరేదాకా ఆగలేదు. తర్వాత టీకా వేయించిన రాత్రి జ్వరంతో మళ్లీ, ఈసారి కుడి చెయ్యి. టీకా వల్లే అన్నారు, దిష్టి అన్నారు, ఎక్కడికి వెళ్లినా 'మేనరికమా?' అని అడిగారు. కాదు.

జీన్ పరీక్ష మాట మూడేళ్లు నిండాక గానీ ఎవరూ ఎత్తలేదు. ఎస్‌సీఎన్‌1ఏ జన్యువులో మార్పు, డ్రావే సిండ్రోమ్ అనే, పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన ఫిట్స్ జబ్బు అని తేలింది. ఫ్రాన్స్ డాక్టర్ షార్లెట్ డ్రావే ఈ జబ్బు గురించి రాసింది 1978లో, జన్యువు దొరికింది 2001లో. మా ఇద్దరి రక్తంలోనూ ఆ మార్పు లేదు, ఈ పిల్లల్లో ఎక్కువమందికి అది కొత్తగా వచ్చేదేనట. ఆ రిపోర్టు విని అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. టీకా సంగతీ అంతే. 2006లో ఆస్ట్రేలియా డాక్టర్లు టీకా వల్లే మెదడు దెబ్బతిందనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఈ జన్యువు మార్పే కనిపించింది. దయచేసి టీకాలు మానకండి.

నా బాధ మందు గురించి. రెండేళ్లు కార్బమజెపైన్ వాడాం. వేరే రకం ఫిట్స్‌కు అది మంచి మందే. కానీ మెదడులో అతి ఉద్రేకానికి బ్రేకు వేసే కణాలు మా వాడికి ముందే నీరసం, ఆ జన్యువు మార్పు వల్ల వాటికి సోడియం అందే దారి సరిగా లేక. ఈ మందు ఆ దారినే ఇంకా మూస్తుంది. డోసు పెంచిన కొద్దీ ఫిట్స్ పెరిగాయి, మేమేమో ఇంకా పెంచమని అడిగాం! మందు మార్చి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ మొదలుపెట్టాక తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఏడాది నిండని బిడ్డకు జ్వరంతోనో వేడినీళ్ల స్నానంతోనో, ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు, చాలాసేపు ఆగకుండా ఫిట్స్ వస్తుంటే జీన్ పరీక్ష గురించి డాక్టర్‌ను మీరే అడగండి. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు. మేం అప్పు చేసి చేయించాం. జిల్లా ఆస్పత్రిలో రక్తం తీసి, హైదరాబాద్‌లో జన్యు పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ లాంటి చోటికి పంపి, ప్రభుత్వ ఖర్చుతో ఆ పరీక్ష చేయించాలని మంత్రిగారిని కోరుతున్నాను.

- ఒక తల్లి, ఖమ్మం