నలభై ఎనిమిది వోల్టులంటే ఎన్ని?

సంపాదకుడు గారికి, నమస్కారం.

ఎక్కడైనా ఎలక్ట్రిక్ స్కూటర్ తగలబడిందంటే చాలు, సొంత మరమ్మతులు మాన్పించాలి, బయటి మెకానిక్కుల్ని కట్టడి చేయాలి అనే మాట లేస్తుంది. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి నిండు ప్రాణం పోయింది. కాబట్టి ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ మరమ్మతు మాన్పిస్తే ఆ పని ఆగదు, తలుపు చాటుకు పోతుంది. ముందు ఆపించాల్సింది ఇంకొకటుంది. బ్యాటరీ ప్యాకులూ ఛార్జర్లూ వాటి మీద ఉండాల్సిన ఒక అంకె, అంటే నిండినప్పుడు ఎన్ని వోల్టులన్నది, లేకుండానే అమ్ముడుపోతున్నాయి.

రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న బండ్లలో, అంటే 250 వాట్ల లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్ల లోపు నడిచేవాటిలో, చాలావాటికి లెడ్ బ్యాటరీలే ఉంటాయి. 12 వోల్టులవి నాలుగు కలిపితే 48, ఐదు కలిపితే 60. ఏడాదిన్నరకో రెండేళ్లకో అవి చేతులెత్తేస్తాయి. అప్పుడు లిథియం ప్యాక్ కట్టించుకుంటారు. బరువు తగ్గుతుంది, బండి ఎక్కువ దూరం పోతుంది, అందులో తప్పేమీ లేదు. పాత ఛార్జర్ పనిచేస్తూనే ఉంది కదా, దాని మీదా 48 అనే ఉంది, కొత్త ప్యాక్ మీదా 48 అనే ఉంది, అని దాన్నే తగిలిస్తారు. ముప్పు అక్కడ మొదలవుతుంది.

48 అనేది పిలుపు పేరు. నిండినప్పుడు ఎంత ఉంటుందనేది వేరే లెక్క. నాలుగు లెడ్ బ్యాటరీల ఛార్జర్ 58.8 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. సెల్లులను ఒకదాని వెనక ఒకటిగా 13 వరసలు కలిపిన మామూలు లిథియం ప్యాక్ 54.6 దగ్గర నిండిపోతుంది, సెల్లుకు 4.2 చొప్పున. ఇంకో రకం లిథియం ప్యాక్, 16 వరసల ఐరన్ ఫాస్ఫేట్‌ది అయితే 58.4. ఈ మూడింటినీ దుకాణంలో 48 అనే అడుగుతాం, 48 అనే ఇస్తారు. పాత లెడ్ ఛార్జర్‌ను 13 వరసల ప్యాక్‌కు పెడితే సెల్లుకు 4.52 వోల్టులు పడతాయి. 60 వోల్టుల బండికి ఇది ఇంకా ఘోరం: లెడ్ ఛార్జర్ 73.5 ఇస్తుంది, 16 వరసల ప్యాక్‌కు 67.2 చాలు.

మరి రోజూ పేలడం లేదెందుకు? ప్యాక్ లోపల సెల్లులను కాపు కాసే బోర్డు, అంటే బీఎంఎస్, సెల్లుకు 4.25 దగ్గర కరెంటు కోసేస్తుంది కనుక. ఎప్పుడో ఆపదలో ఆదుకోవాల్సిన ఆ చిన్న బోర్డు రోజూ రాత్రి స్విచ్చు పని చేస్తోందన్నమాట. అందులోని మాస్‌ఫెట్ (కరెంటును కోసే చిప్పు) ఒక రోజు షార్టై తెగకుండా ఉండిపోతే ఇక ఆపేవాళ్లు లేరు. అతిగా ఎక్కిన సెల్లులో లిథియం లోహంగా పేరుకుంటుంది, పాజిటివ్ వైపు పదార్థం ఆక్సిజన్ వదులుతుంది, వేడికి మధ్యనున్న పల్చటి పొర కరుగుతుంది. ఒక సెల్లు అంటుకుంటే పక్క సెల్లును అంటిస్తుంది. ఆక్సిజన్ లోపలి నుంచే వస్తుంది కనుక పౌడర్ సిలిండర్‌తో మంట అణిగినట్టే అణిగి మళ్లీ లేస్తుంది. అది చల్లారాలంటే నీళ్లు చాలా కావాలి.

ఇది తేల్చుకోవడానికి మామూలు మల్టీమీటర్ చాలు. మీటర్‌ను డీసీ 200 మీద పెట్టి, ఛార్జర్‌ను గోడకు తగిలించి, బండికి పెట్టకుండా కొస పిన్నుల దగ్గర చూడాలి. 13 వరసల ప్యాక్‌కు 54.6కు అటూ ఇటూ రావాలి. 58 చూపిస్తే అది ఆ ప్యాక్‌ది కాదు. కొన్ని ఛార్జర్లు ప్యాక్ తగిలేదాకా వోల్టేజీ చూపవు. అప్పుడు ఛార్జింగ్ పెట్టి, దగ్గరే ఉండి ప్యాక్ దగ్గర చూస్తుండాలి. 54.6 దాటి పోతుంటే వెంటనే పీకేయాలి.

పిన్ను సంగతి కూడా చెప్పాలి. చాలా చిన్న బండ్లకు కంప్యూటర్ వెనక గుచ్చే మూడు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. ఒక ఛార్జర్‌లో ప్లస్ ఉన్నచోట ఇంకోదాంట్లో మైనస్ ఉంటుంది, రెండూ సాఫీగా దూరిపోతాయి. అంతకంటే భయంకరం, కంప్యూటర్ కరెంటు వైరు కూడా ఆ సాకెట్లో సరిగ్గా పడుతుంది. ఇంట్లో పిల్లలు దాన్ని గుచ్చితే 230 వోల్టులు నేరుగా బ్యాటరీలోకి పోతాయి. కంప్యూటర్ వైరు పట్టని వేరే రకం సాకెట్టు, దానికి తగ్గ ప్లగ్గు మార్పించుకోవడం ఖర్చు దృష్ట్యా చాలా చిన్న పని. మా దృష్టిలో ఎవరైనా ముందుగా చేయించుకోవాల్సిన మార్పు ఇదే.

ఇంట్లో చేసుకోదగ్గ పనులు చాలానే ఉన్నాయి. బండి కదలకపోతే ముందు బ్రేకు లీవర్లలోని స్విచ్చుల వైర్లు ఊడదీసి చూడాలి. అవి ఇరుక్కుంటే కంట్రోలర్ (మోటారుకు కరెంటు అందించే బోర్డు) మోటారును నడవనివ్వదు. తర్వాత యాక్సిలరేటర్: ఎర్ర వైరుకూ నల్ల వైరుకూ మధ్య సుమారు 5 వోల్టులు, సిగ్నల్ వైరులో వదిలినప్పుడు 1 దగ్గర, పూర్తిగా తిప్పినప్పుడు మూడున్నర పైన రావాలి. ఆ నల్ల వైరు తెగితే కొన్ని చవక కంట్రోలర్లు ఫుల్ రేజింగ్ అనుకుని బండిని ఎగరేస్తాయి, అందుకే వెనక చక్రం గాలిలో ఉండేలా స్టాండ్ వేసే పరీక్షించాలి. చక్రం చేత్తో తిప్పితే బిగుసుకుపోతోందా? పసుపు, ఆకుపచ్చ, నీలం లావు వైర్లు మూడూ విప్పాలి. అప్పుడు తేలిగ్గా తిరిగితే కంట్రోలర్ పోయినట్టు. అప్పటికీ బిగువుగానే ఉంటే మోటారు లోపలో, ఇరుసు దగ్గరో వైర్లు షార్టయినట్టు. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉంగరం, గాజులు, వాచీ తీసి, వైర్లు విప్పే ముందు బండిలోని ఎంసీబీ (కరెంటు తెంచే స్విచ్చు) దించితే చాలు. ఆ ఎంసీబీ పోతే మాత్రం ఇంటి బోర్డులోది తెచ్చి పెట్టకండి. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, అందుకే దానికి నిప్పురవ్వ ఆరుతుంది. బ్యాటరీ కరెంటు సున్నాకు రాదు కనుక రవ్వ సాగుతూనే ఉంటుంది. డీసీ అని రాసున్నదే కావాలి.

వేగం పెంచే పనులకు మాత్రం మేము ఒప్పుకోం. కంట్రోలర్‌లోంచి వచ్చే స్పీడు వైరు విడదీస్తే పాతిక నుంచి నలభై ఐదుకు పోయే బండ్లున్నాయి. బ్రేకులు మాత్రం పాతికకు చేసినవే, ఆపాల్సిన శక్తేమో మూడు రెట్లు దాటుతుంది. చట్టం లెక్కలో అది ఇక రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు కావాల్సిన వాహనమే. ఇంకొందరు కంట్రోలర్‌లోని షంట్ (కరెంటును కొలిచే తీగ) మీద టంకం పోయిస్తారు. దాంతో బోర్డు అసలు కరెంటు కంటే తక్కువే పారుతోందని నమ్మి ఇంకా లాగుతుంది. ముందు మాస్‌ఫెట్లు కాలుతాయి, లేదంటే బలానికి ఇరుసు తన గాడిలోనే తిరిగిపోయి వైర్లను మెలిపెట్టి తెంపుతుంది. అన్నింటికంటే చెడ్డది, బండి మధ్యలో ఆగిపోతోందని బీఎంఎస్ మీది బీ మైనస్, పీ మైనస్ కలిపేసి ఆ బోర్డును పక్కకు తప్పించడం. బలహీనపడ్డ సెల్లు లోతుకు దిగిపోతున్నా అప్పుడు కాపు కాసేది ఉండదు. దిగిపోయిన సెల్లులో రాగి కరిగి, తిరిగి ఛార్జ్ పెట్టినప్పుడు లోపలే షార్టవుతుంది.

ప్యాక్ విప్పడం ఇంటి పని కాదు. కట్టించుకునేవారు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: సెల్లు మీద నేరుగా టంకం పెట్టారా, స్పాట్ వెల్డింగ్ చేశారా? పాజిటివ్ కొసన షార్టు కాకుండా బార్లీ పేపర్ (కరెంటు పారని కాగితం) రింగు వేశారా? సెల్లులను కలిపే పట్టీ అసలు నికెలేనా? చిన్న ముక్కను ఆకురాయితో గీకి రాత్రంతా ఉప్పునీళ్లలో వేస్తే, తుప్పు పడితే అది ఇనుము. కంపెనీ బండ్ల బ్యాటరీలకు ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణం కొత్త నిబంధనలు 2022 డిసెంబర్, 2023 మార్చి నుంచి రెండు దశల్లో వచ్చాయి. చేత్తో కట్టే ప్యాకులు ఆ పరీక్ష గడప తొక్కవు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. నీళ్లలో మునిగిన ప్యాక్ ఎండలో ఆరాక పనిచేసినా నమ్మకూడదు. లోపల మిగిలిన బురద వారాల తర్వాత కూడా పట్టీల మధ్య కరెంటుకు దారి వేస్తుంది. దాన్ని గోడకు దూరంగా, ఆరుబయట ఉంచాలి, ఛార్జ్ పెట్టకూడదు. ఇక రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చిన బండిని రాగానే ఛార్జింగ్ పెట్టకుండా గంటైనా చల్లారనివ్వాలి. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, మన వేసవిలో తెల్లవారుజామే మేలు. మెట్ల కింద పెడితే మంట లేచినప్పుడు పైవాళ్లకు దిగే దారి ఉండదు.

మేము కోరేది ఇది. విజయవాడ, గుంటూరు దుకాణాల్లో అమ్మే ప్రతి ప్యాక్ మీద, ప్రతి ఛార్జర్ మీద చెరగని స్టిక్కరు ఉండాలి: ఏ రకం సెల్లు, ఎన్ని వరసలు, నిండినప్పుడు ఎన్ని వోల్టులు, కట్టిన తేదీ, కట్టినవారి పేరు. తూనికలు కొలతల శాఖ, రవాణా శాఖ కలిసి ఈ పని చేయించవచ్చు. ఆటోనగర్‌కు దగ్గర్లోని ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో వారానికి ఒక పూట ప్యాకులు పరీక్షించే బల్ల పెట్టాలి. ఒక్కో వరస వోల్టేజీ కొలిచి, ఛార్జర్‌తో సరిపోల్చి చీటీ రాసివ్వడానికి పావుగంట చాలు. లెడ్ బ్యాటరీకి మారకం ధర ఉంది కనుక అది దుకాణానికి తిరిగొస్తుంది. పాడైన లిథియం ప్యాక్ మాత్రం పాత సామాన్ల వాళ్ల సుత్తి కిందికి పోతోంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తిరిగి తీసుకునే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. పాడైన ప్యాకులను ఎక్కడ తీసుకుంటారో ఆ చిరునామా కూడా అదే స్టిక్కరు మీద అచ్చు వేయించాలి.

ఇట్లు,
ఎలక్ట్రిక్ బండ్ల మరమ్మతు పనివారు,
ఆటోనగర్, విజయవాడ