పింఛన్ తిరస్కరిస్తే కోర్టుకు ముందు కాగితం

సంపాదకులకు,

తెలంగాణలో వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు ప్రభుత్వమిచ్చే ఆసరా పింఛన్ రాలేదంటే మా దిక్కున వెంటనే దొరికే సలహా 'హైకోర్టులో రిట్ వెయ్యి' అని, అంటే అధికారి నిర్ణయాన్ని సవాలు చేస్తూ పిటిషన్ వెయ్యమని. వెయ్యొచ్చు. అయితే హైకోర్టు పింఛన్ మంజూరు చేసే ఆఫీసు కాదు. రాజ్యాంగం 226వ అధికరణ కింద అది చూసేది అధికారి నిర్ణయం తీసుకున్న తీరును: కారణం చెప్పాడా, ఉన్న పింఛన్ తీసేసేముందు నోటీసిచ్చాడా, నిబంధనల్లో లేని షరతు పెట్టాడా అని. వయసు, వైకల్యం శాతం జడ్జి లెక్కగట్టరు. అందుకే గెలిచినా చేతికొచ్చేది ఎక్కువగా 'ఇన్ని వారాల్లో దరఖాస్తును మళ్లీ పరిశీలించండి' అన్న ఉత్తర్వే.

చిక్కు అంతకంటే ముందే ఉంది. ఆఫీసులో 'సైట్‌లో రిజెక్ట్ చూపిస్తోంది' అని నోటిమాటతో పంపేస్తారు. సైటుకు సంతకం ఉండదు కదా, కోర్టు దేన్ని కొట్టెయ్యాలి? కనుక మండల పరిషత్ అధికారి ఎంపీడీఓకు, పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు రాసిచ్చి జిరాక్స్ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. సోమవారం కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే ఆ రసీదు దాచుకోవాలి. జవాబు లేకుంటే సమాచార హక్కు చట్టం కింద తిరస్కరణ ఉత్తర్వు, విచారణ నివేదిక, ఫైలు నోట్ నకళ్లు అడగాలి. 'ఎందుకు ఇవ్వలేదు' అని రాస్తే లాభం లేదు, ఆ చట్టం కింద వచ్చేది కాగితమే, సంజాయిషీ కాదు. 30 రోజుల్లో ఇవ్వకుంటే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు.

ఆ తిరస్కరణ ఉత్తర్వులో రాసిన కారణమే కేసుకు ప్రాణం. అందులో లేని కారణాన్ని తర్వాత కోర్టులో వేసే జవాబులో (కౌంటర్ అఫిడవిట్‌లో) అతికిస్తే చెల్లదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఒట్టి 'అనర్హులు' అన్న ముక్క కోర్టులో నిలవడం కష్టం. అదే భూమి ఎక్కువుందని రాస్తే ముందు పాసుబుక్ చూసుకోండి. పంచుకున్న భూమి ఇంకా ఒక్కరి పేరునే ఉంటే దిద్దించాల్సింది తహసీల్ ఆఫీసులో.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కున ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకరపోయిన వాళ్లకు వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరంలో 40 శాతం కంటే తక్కువ వేస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ మీదనే అప్పీలు ఉంది. అది వదిలేసి రిట్ వేస్తే ముందు అక్కడికే పొమ్మనే అవకాశం ఎక్కువ.

వకీలు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో అడగొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు.

కోర్టు ఉత్తర్వు వచ్చాక చాలామంది దాన్ని బీరువాలో పెట్టేస్తారు. అధికారి గడువు సాధారణంగా నకలు ఆయనకు అందిన రోజు నుంచే మొదలవుతుంది. చేతికిచ్చి సంతకం తీసుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపాలి. గడువు దాటినా ఫైలు కదలకుంటే కోర్టు ధిక్కార పిటిషన్ వేయొచ్చు, అదీ ఏడాదిలోపే.

— ఒక పారాలీగల్ వాలంటీర్, దేవరకొండ