ఉప్పెంతో నీకొక్కదానికే తెలిస్తే ఎలా?

చి.ల.సౌ. పాపకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించింది, పొద్దున్నే గుడిదాకా నడిచి వస్తోంది. అల్లుడుగారినీ పిల్లల్నీ అడిగామని చెప్పు.

ఈ సంగతి ఫోన్లో మొదలుపెడితే సగంలోనే "సరేలే నాన్నా, కొరియరు వాడొచ్చాడు" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేసినా మళ్ళీ తీసి చదవచ్చు. మొన్న నేను, నీ పచ్చళ్ళ వ్యాపారంలో పనంతా ఓ పద్ధతిగా కాగితం మీద పెట్టవే అంటే నువ్వేమన్నావు? "ఇదేమన్నా రైల్వేనా, రూలు బుక్కు పెట్టుకుని నడపడానికి? పచ్చడి చేతిలో ఉంటుంది నాన్నా" అన్నావు. చేతిలో ఉంటుందన్నది నిజమే. ఆ చెయ్యి ఊళ్ళో లేనప్పుడు ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను గనకే చెబుతున్నా.

ఆవకాయ రోజుల్లో నువ్వు స్టాలు పెట్టడానికి హైదరాబాదు వెళుతూ పచ్చళ్ళు కలిపే షెడ్డు చూసుకోమని నన్ను కూర్చోబెట్టావు. చూసుకోవడానికి నాకేం తెలుసు గనక! కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను, అంతే. ద్వారపూడి నుంచి వచ్చే ఆవిడ గంగాళం ముందు నిలబడి, చేతిలో సోల, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని "అమ్మా, ఉప్పు ఎంత పొయ్యమంటారు?" అని అడిగింది. నువ్వు "ఎప్పుడూ పోసేదేగా, అలాగే పొయ్యండి" అన్నావు. ఆవిడ అలాగే పోసింది. కాకపోతే ఆవేళ కల్లుప్పు నిండుకుని, మెత్తగా ఆడించిన ఉప్పు బస్తా విప్పారు. సోలకి తెలిసేది చోటే గానీ బరువు కాదు కదా. గరుకుప్పు సోలెడు తూస్తే ఒక బరువు, మెత్తటిది అదే సోలెడు తూస్తే అంతకంటే బాగా ఎక్కువ. మూడోనాడు తిరగ కలిపి నోట్లో వేసుకునేదాకా ఎవరికీ తెలియలేదు. నువ్వొచ్చి మళ్ళీ కాయ కొనిపించి, ముక్కలు కొట్టించి ఎలాగో సర్దావు. ఆవిడ మటుకు ఆ తర్వాత చాలా రోజులు నీ ఎదట పడటానికే జంకింది. ఆవిడ చేసిన తప్పేముంది చెప్పు? ఉప్పు ఎన్ని కిలోలో ఎక్కడా రాసి లేదు.

నువ్వు చెప్పే మొదటి సాకు తీరిక లేదని. దానికి జవాబు చెప్పను. ఆ ఫోన్లన్నిటికీ తీరిక ఎక్కణ్ణుంచి వస్తోందో నువ్వే చూసుకో.

రెండోది కాస్త గట్టి మాట: "ఏటికేడాది కాయ మారుతుంది, కారం ఘాటు మారుతుంది, ఇవాళ రాస్తే వచ్చే ఏడు పనికిరాదు" అని. రైల్వే స్టేషన్లో పనిచేసేటప్పటి నా పాత రూలు పుస్తకం గుర్తుందా? చిన్నప్పుడు నువ్వు దాని మీద బొమ్మలు వేస్తే మీ అమ్మ నీ వీపు విమానం మోత మోగించింది. అది 1976 నాటి జనరల్ రూల్స్. అచ్చయినప్పుడు పల్చగానే ఉండి ఉంటుంది. నా చేతిలో అది అంత లావెక్కిందంటే పై నుంచి వచ్చిన కరెక్షన్ స్లిప్పులు అంటించీ అంటించీ! రూలు మారినప్పుడల్లా ఓ స్లిప్పు, దాని మీద నంబరు, తేదీ. మారే వాటినే రాసుకోవాలి తల్లీ, మారని దాన్ని ఎవడైనా గుర్తుపెట్టుకుంటాడు. కాయ పులుపు తగ్గితే ఏం చేస్తావు, కారం కొత్త బస్తా విప్పితే ముందు ఎంత కలిపి రుచి చూస్తావు, ఏ ముక్కని పక్కన పడేయిస్తావు, ఇవన్నీ నీ తలలో ఉన్న స్లిప్పులే. టెంక లేని ముక్క పనికిరాదని, జీడి తీసి లోపలి పొర గీకాలని, తడి గుడ్డతో తుడిస్తే బూజు పట్టేస్తుందని నీ దగ్గర పాతవాళ్ళకి తెలుసు. కిందటి నెల చేరిన పిల్లకి తెలియదు. ఆ పిల్ల అడగదు కూడా, సిగ్గు.

మూడోది రహస్యం. రాస్తే ఎవరో ఎత్తుకుపోయి పక్కవీధిలో కొట్టు పెడతారని నీ భయం. తిరుమల లడ్డూ దిట్టం, అంటే ఏ సరుకు ఎంత వెయ్యాలో రాసిన లెక్క, చూడు. 5100 లడ్డూలకి ఆవునెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, పంచదార 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. అన్నీ కలిపి 803 కిలోలు. ఇది 2001లో సవరించిన లెక్క, అంతకుముందు కూడా రద్దీ పెరిగినకొద్దీ మారుస్తూనే వచ్చారు. పేపర్లలో ఎన్నిసార్లు వేశారో! అయినా ఏ మిఠాయి కొట్టువాడూ ఆ లడ్డూకి పోటీ రాలేకపోయాడు. పోటులో, అదే గుడి వంటశాలలో, అంతమంది చేతులు మారుతున్నా రోజుకి లక్షల లడ్డూలు ఒకే తీరున వస్తున్నాయంటే ఆ లెక్క రాసి ఉండబట్టే. అలాగని కాగితమే అన్నీ చూసుకుంటుందని నేననను. నెయ్యి ఇన్ని కిలోలని రాసుకుంటే వచ్చిన నెయ్యి మంచిదైపోదు, 2024లో ఆ నెయ్యి మీద ఎంత గొడవ రేగిందో చూశాం. వచ్చిన సరుకుని ఎవరు చూడాలి, ఏం చూడాలి, బాగా లేకపోతే ఎవరికి చెప్పి వెనక్కి పంపాలి, అది వేరే కాగితం. నీ నూనె డబ్బాలకి కూడా అలాంటిది ఒకటి కావాలి.

అయినా రహస్యం అంతగా ఉంటే దాన్ని విడదియ్యి. మెంతీ ఆవా పాళ్ళు నీ దగ్గరే ఉంచుకుని, ఆ పొడి నువ్వే కలిపి, గంగాళానికి ఒకటి చొప్పున తూచి సంచులు కట్టించు. ఏ సంచి ఏ పచ్చడికో పైన ఓ గుర్తు చాలు. ఎండబెట్టడం, తుడవడం, కలపడం, జాడీకెత్తడం, సీసాలు కడగడం, లేబుల్ అంటించడం... ఇందులో రహస్యం ఏముంది? గొడవలన్నీ ఇక్కడే వస్తున్నాయి.

ఇక నువ్వు చెప్పనిది ఒకటుంది. కోపం తెచ్చుకోకు. షెడ్డు నుంచి ఫోనొస్తే విసుక్కుంటావు. గంటసేపు రాకపోతే అంతకంటే ఎక్కువ కంగారుపడి నువ్వే చేస్తావు. వట్టి చేతులతో మొదలుపెట్టి ఇంతదాకా తెచ్చావు, నీకు తెలియకుండా అక్కడ చెంచా కూడా కదలకూడదనిపించడం సహజమే. కాగితం గోడకెక్కితే ఇక నన్నడగరేమో అనే బెంగ పైకి చెప్పుకోలేం గనక, తీరిక లేదనీ రహస్యమనీ అంటాం. ద్వారపూడి ఆవిడకీ అదే బెంగ, ఇంకో రకంగా. తన పనితనమంతా రాసేసుకుని తనని మానిపించేస్తారేమోనని. నాతో పైకి అనలేదు గానీ, ఓ కుర్రాడు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడితే ఆవిడ చెయ్యి కలపడం ఆపేసింది, గమనించాను. ముందు ఆవిడ జీతం సంగతి తేల్చు. కాగితం కింద ఆవిడ పేరు వేయించు, ఏదైనా మార్చాలంటే ఆవిడ ఊ అంటేనే మార్చండి. కొత్తవాళ్ళకి నేర్పే పనికి విడిగా డబ్బులియ్యి. అప్పుడు చూడు, నువ్వడగని సంగతులు కూడా చెబుతుంది.

రైల్వేనా అని ఎగతాళి చేశావు గనక చెబుతున్నా. ప్రతి స్టేషనుకీ దానిదే అయిన స్టేషన్ వర్కింగ్ రూల్స్ ఉంటాయి. పట్టాలు ఎన్ని, గేటు ఎక్కడ, ఏ సిగ్నల్ ఎలా, అంతా ఆ స్టేషనుకి మటుకే. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు ఎంత సీనియరైనా సరే, అది చదివి, అర్థమైందని సంతకం పెట్టాకే సొంతంగా డ్యూటీ ఎక్కాలి. పక్క స్టేషనువాడు బండి పంపొచ్చని లైన్ క్లియర్ ఇస్తే ఓ ప్రైవేట్ నంబరు చెబుతాడు, అది రిజిస్టరులో రాసుకోవాలి. నోటిమాట చెల్లదు. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు అన్నది తర్వాత ఎప్పుడు చూసినా తెలుస్తుంది. నీ పెళ్ళికి నేను సెలవు పెట్టి వస్తే ఒక్క బండైనా ఆగిందా? నేను లేనని ఆ డ్రైవర్లకి తెలియను కూడా తెలియదు. మొదట్లో నాకూ అది కాస్త చిన్నతనంగానే అనిపించేది, నిజం చెప్పొద్దూ. పెళ్ళిలో హాయిగా కూర్చుని భోజనం చేసినప్పుడు మటుకు అనిపించలేదు.

నీ బీరువాలో ఓ ఫైలుందని తెలుసు. లైసెన్సు కోసం ఎవరో కన్సల్టెంటుకి డబ్బులిచ్చి రాయించావు, అంతా ఇంగ్లీషు. అది ఇన్‌స్పెక్టరు వస్తే చూపించడానికి. చట్టం కూడా ఏదో వేధించడానికి అడగడంలేదమ్మా. ఆహార భద్రత చూసే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి 2011 లైసెన్సింగ్ నిబంధనల్లో నాలుగో షెడ్యూలు చదువు. తయారీ, నిల్వ, శుభ్రత, పురుగుల మందు, సరుకు వెనక్కి రప్పించడం, వీటి రికార్డులు ఏడాదిపాటు, లేదా సరుకు నిల్వ ఉండే కాలం, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచమంటోంది. అమెరికా వెళ్ళిన సీసాలో బూజు వచ్చిందని ఫోటో పంపితే, అది ఏ రోజు కలిపిన గంగాళమో చెప్పగలవా? బ్యాచ్ నంబరు వేస్తున్నావు, బాగుంది. ఆ నంబరు వెనకాల ఏముందో రాసిన పుస్తకం లేదు.

నువ్వు కూర్చుని రాయొద్దు. రాయలేవు కూడా, చేతికి తెలిసింది పెన్నులోకి దిగదు. షెడ్డులో క్యాలెండరు పక్కన ఓ కాగితం వేలాడదీసి, నీకు ఫోను చేసిన ప్రతిసారీ ఏం అడిగారో అందులో ఒక్క ముక్క రాయమను. ఓ వారం పోయాక చూడు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకే మొదటి పేజీ. తర్వాత నువ్వో ఆవిడో పని చేస్తుంటే మన చిన్నాడు సెలవుల్లో ఖాళీయే కదా, ఫోన్లో వీడియో తీసి, మధ్యమధ్యలో "ఎందుకలా?" అని అడిగి తెలుగులో రాస్తాడు. ఒక పనికి ఒక పేజీ, దాటకూడదు. సోలలూ గిద్దెలూ వద్దు, కిలోలూ గ్రాములే. కింద తేదీ. లామినేషన్ చేయించి కాటా పక్కనే కట్టు, బీరువాలో పెట్టావంటే దాని గతి ఆ ఇంగ్లీషు ఫైలు గతే.

అన్నీ రాయక్కర్లేదు. గచ్చు ఊడవడానికి పేజీ పెడితే జనం నవ్వుతారు, ఆ తర్వాత ఉప్పు పేజీని కూడా నవ్వుతూనే చూస్తారు. ఇంగువ ఎంత వేగాలన్నది ఎలాగూ కాగితానికి అందదు. దానికి పక్కన నిలబెట్టి వాసన చూపించడమే. "ఇక్కడ పెద్దావిణ్ణి పిలువు" అని రాస్తే చాలు.

ఆవకాయ మళ్ళీ వేసవిలోనే గనక ఈలోగా ఉసిరికాయతో మొదలుపెట్టు, కార్తీకం వచ్చేస్తోంది, కాయా తక్కువే కలుపుతావు. పేజీ రాయించగానే నాకు పంపు. బజారుకెళ్ళి ఓ కిలో కాయ తెచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా, అందులో ఉన్నది ఉన్నట్టు కలుపుతాను. నాకు అర్థంకాక ఎక్కడ ఆగిపోతే అక్కడ నీ పేజీలో మాట తక్కువైందని లెక్క. మీ అమ్మ ఇది విని ఒకటే నవ్వు. వంటింట్లో పప్పు డబ్బా ఏదో కూడా తెలియని మనిషికి పరీక్షాధికారి పదవా అంటోంది. నాకంటే తగినవాడు నీకెక్కడా దొరకడు. కిలోకి సరిపడా ఆ పొడి సంచి కూడా పంపడం మర్చిపోకు, పాళ్ళు అడగనులే.

మీ నాన్న