మాట వినని కుక్క, ఆలస్యమైన ఆర్డర్లు

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. రెండు నెలలుగా మా సంచులు, బెల్టులు, పర్సులు చెప్పిన తేదీకి మీకు చేరడం లేదు. 10 రోజులన్నవి 20 రోజులు పట్టాయి. రెండు ఆర్డర్లయితే నెల దాటాయి. ఎందుకని అడిగినవాళ్ళకి "తోలు రావడం ఆలస్యమైందండీ" అన్నాను. అబద్ధం. తోలు వేళకే వచ్చింది. వచ్చినదాంట్లో కొంత నా కుక్క నమిలేసింది. మిగిలింది కుట్టాల్సిన వేళల్లో నేను దాని వెనకాల తిరుగుతున్నాను.

కుక్క బుల్ టెర్రియర్. నాలుగేళ్ళ ఆడది, 24 కిలోలు, ఒంటిమీద ఒక్క మచ్చ లేని తెలుపు. ఈ జాతిని చూసినవాళ్ళు ఆ తలకాయని మర్చిపోరు. నుదురు దగ్గర గుంట ఉండదు, నడినెత్తి నుంచి ముక్కు దాకా కోడిగుడ్డులా ఒకే వంపు. కళ్ళు చిన్న ముక్కోణాలు. తలుపుకి అడ్డంగా పడుకుంటే తోసినా కదలదు కాబట్టి గుండ్రాయి అని పేరు పెట్టాను.

షెల్టర్ నుంచి తెచ్చుకున్నాను. అక్కడ దాని కార్డు మీద రెండు మాటలే ఉన్నాయి: "మొండిది. మాట వినదు." అంతకుముందు రెండిళ్ళు మారిందట. షెల్టర్ వాళ్ళు గంటసేపు నన్ను ప్రశ్నలడిగి, ఇంటికొచ్చి గేటు ఎత్తు కూడా చూశారు. రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉండాలి అన్నప్పుడు గర్వంగా చెప్పాను, "ఇల్లూ దుకాణమూ ఒకటే, అసలు ఒంటరిగా ఉండదు" అని. పక్కనే ఉండటం వేరు, చూసుకోవడం వేరు అని అప్పటికి నాకు తెలియదు. కుట్టుమెషీను మీద తల వంచుకున్న మనిషి కుక్కకి ఉన్నట్టా, లేనట్టా?

మొదటి మూడు రోజులూ నిద్రే. దత్తత తీసుకున్న కుక్కల గురించి తెలిసినవాళ్ళు ఒక లెక్క చెబుతారు: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. కచ్చితమైన సూత్రమేమీ కాదు, ఓపిక పట్టమని చెప్పే తీరు. నేను దాని పక్కనే రివిట్లు కొడుతుంటే గురక పెట్టి నిద్రపోయేది. ఇనుము మీద సుత్తి దెబ్బ అంటే వీధి చివరి కుక్క కూడా ఉలిక్కిపడుతుంది. ఎంత నిబ్బరమో అని మురిసిపోయాను. నాలుగో రోజు స్టీలు ట్రే ఒకటి దాని వెనక కాస్త దూరంలో, గోనె పట్టాల మీద జారిపడింది. లోపలి పనిముట్లన్నీ ఘల్లుమన్నాయి. దాని చెవి కొస కూడా కదల్లేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బేయర్ అనే పరీక్ష చేశారు. తల చర్మం కింద సన్నటి సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒక్కో చెవిలో విడివిడిగా టిక్కు టిక్కుమనే శబ్దాలు వినిపిస్తారు. చెవి పనిచేస్తుంటే మెదడు స్పందన గీతల్లో కనిపిస్తుంది. గుండ్రాయికి రెండు చెవులవీ తిన్నని గీతలే. కార్డు మీద రాసింది అక్షరాలా నిజం, మాట వినదు. రెండిళ్ళలో దాని మీద ఎన్ని కేకలు పడ్డాయో, ఒక్కటీ దానికి చేరలేదు.

ఇది దాని ఒక్కదాని దురదృష్టం కాదు. తెల్ల బుల్ టెర్రియర్లలో దాదాపు 20 శాతానికి కనీసం ఒక చెవి వినపడదు. ఒంటి మీద రంగున్న వాటిలో అది నూటికి ఒకటి రెండు మాత్రమే. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ అవసరం. అవి అక్కడికి చేరకపోతే, పుట్టిన కొద్ది వారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి. మరి ఇంత తెలుపు ఎక్కడిది అంటే, మనుషుల ముచ్చట. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ హింక్స్ అనే ఆయన బుల్‌డాగులకీ, ఇప్పుడు జాతే లేకుండా పోయిన తెల్ల టెర్రియర్లకీ, డాల్మేషన్లకీ సంకరం చేసి ఈ జాతిని తీర్చిదిద్దాడు. తెల్లగా ఉన్నదే పెద్దమనుషుల కుక్క అనిపించుకుంది. రంగున్నవి 20వ శతాబ్దంలో గానీ మళ్ళీ రాలేదు. చూడటానికి బాగుందని ఒక గుణాన్నే పట్టుకుని వెళ్తే ఏమవుతుందో తోలు పనిలో నాకూ అనుభవమే. తళతళలాడే తోలే ముందు పగులుతుంది.

వినపడని కుక్కతో బతకడం నేననుకున్నంత కష్టం కాదు. చేతి సైగలు నేర్పాను. అరచేయి కిందికి వంచితే కూర్చోవాలి, బొటనవేలు ఎత్తితే శభాష్, రెండు చేతులూ ఛాతీకి ఆనిస్తే దగ్గరికి రావాలి. ఒక్కసారికి పది నిమిషాలు దాటకుండా, రోజుకి మూడుసార్లు. ఈ జాతి తెలివైనదే గానీ, చేస్తే నాకేంటి అని అడిగే రకం. బహుమానం లేకపోతే మన మొహం వంక చూసి ఆవులిస్తుంది. నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా ముట్టుకోను. ముందు ముక్కు దగ్గర చెయ్యి పెడతాను, వాసనకి కళ్ళు తెరుస్తుంది, అప్పుడు భుజం తట్టి ఏదైనా తినిపిస్తాను. బయట గొలుసు లేకుండా ఒక్క అడుగు కూడా లేదు, వెనకొచ్చే బండి దానికి వినపడదు. మెడపట్టీ నేనే కుట్టాను, దాని మీద "నాకు వినపడదు" అని అచ్చు కొట్టాను. కుట్టుమెషీను నడిస్తే మాత్రం ఎక్కడున్నా లేచొచ్చి నా కాళ్ళ దగ్గర పొట్ట నేలకి ఆనించి పడుకుంటుంది. నేల అదురు దానికి తెలుస్తుంది.

కష్టమైంది చెవులతో కాదు, పళ్ళతో. అది చేజేతులా నేను చేసుకున్నదే.

వచ్చిన మొదటి వారంలో ఆడుకుంటుంది కదా అని తోలు ముక్కలు పడేశాను. మన కత్తిరింపుల బుట్ట నిండా అవే కదా, ఖర్చు లేని ఆటబొమ్మలు అనుకున్నాను. పనికిరాని ముక్క ఏదో, కస్టమరు ఇచ్చిన వస్తువు ఏదో కుక్కకి ఎలా తెలుస్తుంది? తోలు వాసనొచ్చేదంతా నాదే అని నేర్చుకుంది. నేర్పింది నేను. ఐదో వారంలో, ఒకావిడ రిపేరుకిచ్చిన వాళ్ళ నాన్నగారి పాత బ్యాగు పట్టీ నమిలేసి, చివరి బకిల్ మింగేసింది.

బకిల్ అంటే చిన్న విషయం కాదు. మన పనిలో వాడే చాలా బకిళ్ళు, రివిట్లు జింకు కలిసిన లోహాలు. కడుపులోని ఆమ్లం ఆ జింకుని కరిగిస్తుంది, అది నెత్తురులోకి వెళ్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. చిగుళ్ళు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం అప్పుడే. అందాకా రాకుండా అదే రోజు ఎక్స్‌రే తీసి, గొట్టం వేసి బయటికి తీశారు. బకిల్ చేతికొచ్చింది గానీ మచ్చలు పడి మళ్ళీ పెట్టడానికి పనికిరాలేదు. ఆవిడకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కోప్పడ్డారు. కోప్పడాల్సిందే. కొత్త పట్టీ కుట్టి ఇస్తాను గానీ, వాళ్ళ నాన్నగారి చేతుల్లో అరిగిన పట్టీని ఎవరు కుట్టగలరు? నేను దాచడం దండగ అనుకుని ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

జిగురు మాట కూడా చెప్పాలి, ఇంట్లో చెక్కపని, తోలుపని చేసుకునేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. పాలియురెథేన్ జిగురు కుక్క నాకితే కడుపులోని తేమకి పొంగి గట్టి ముద్దవుతుంది, ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. ఆ డబ్బాలు, సూదులు, తోలుకి చిల్లులు పొడిచే ఆరె, బకిళ్ళు అన్నీ ఇప్పుడు తాళం ఉన్న ఇనుప అలమారాలో ఉన్నాయి. రిపేరుకిచ్చిన ప్రతి వస్తువూ అందులోనే. నమలడానికి దానికి గట్టి రబ్బరు బొమ్మలు కొన్నాను. అరిగి నోట్లో పట్టేంత చిన్నవైతే తీసేస్తాను, ఎందుకంటే ఇది నమిలి ఉమ్మే కుక్క కాదు. పచ్చి తోలుతో చేసి అమ్మే నములుడు కర్రలు కూడా మానేశాను. అవీ తోలే.

దుకాణానికి వచ్చినవాళ్ళు చూసి ఉంటారు, రంగేసిన పట్టీలు ఆరడానికి తీగ మీద వేలాడదీస్తాను. గుండ్రాయి వాటి కిందికి వెళ్ళి, పట్టీలు వీపుకి తగిలీ తగలనట్టు, ఒక్కో కాలూ గాల్లో ఆపి ఆపి, నిద్రలో నడిచినట్టు నడుస్తుంది. కళ్ళు ఎటో చూస్తుంటాయి. మొదటిసారి మూర్ఛేమో అని వణికిపోయాను. వీడియో చూసి డాక్టరు నవ్వారు. ఈ జాతిలో చాలా వాటికి చెట్ల కొమ్మల కిందా, వేలాడే బట్టల కిందా ఇలా నడిచే అలవాటుందట, దానివల్ల హాని లేదట.

తోక పట్టుకోవాలని గిర్రున తిరగడం మాత్రం వేరే సంగతి. అదీ ఈ జాతిలో కనిపించేదే. సరదాగా మొదలై, తిండి చూపించినా ఆపలేని జబ్బుగా మారుతుంది కొన్నింటికి, మందులు వాడాల్సి వస్తుంది. పని లేక విసుగుపుట్టినా, ఉద్రేకం ఎక్కువైనా ముదురుతుంది. ఇది రెండుసార్లు తిరిగినప్పుడు దుకాణంలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టి వీడియో తీశారు. తప్పు వాళ్ళది కాదు, నేనూ ముందు నవ్వాను. ఇకపై అది తిరిగితే ఎవరూ దాని వంక చూడకండి. నేను దాన్ని ఆపి వేరే పనిలో పెడతాను. సాయంత్రం ఒకసారి బల్లల్ని గుద్దుకుంటూ పిచ్చి పరుగు తీస్తుంది, దానికి నవ్వుకోవచ్చు.

ఫోటో సంగతి. ఒక బ్యాగు పక్కన దీన్ని కూర్చోబెట్టి ఒక ఫోటో పెట్టాను. అంతకుముందు ఏ ఫోటోకీ రానన్ని మెసేజులు వచ్చాయి. బ్యాగు గురించి ఒక్కటీ లేదు. "ఇలాంటి కుక్కపిల్ల ఎక్కడ దొరుకుతుంది?" అనే. ఈ తలకాయ సరుకు అమ్మిపెడుతుందని పెద్ద కంపెనీలకి ఎప్పుడో తెలుసు. అమెరికాలో 1987లో బడ్ లైట్ బీరు ప్రకటనల్లో స్పడ్స్ మెకెంజీ అనే షోకిల్లా మగ కుక్కగా ఊగిపోయింది ఒక బుల్ టెర్రియరే (నిజానికి ఆడది). అక్కడి టార్గెట్ అనే దుకాణాల ప్రకటనల్లో కనిపించేది కూడా ఒక కంటి చుట్టూ ఎర్ర వలయాలున్న ఈ జాతి కుక్కే. నా బ్యాగు దాని బలంతో అమ్ముడుపోనక్కర్లేదు. ఆ ఫోటో తీసేశాను.

పిల్ల కావాలన్నవాళ్ళకి జవాబు ఇక్కడే. ముందు మీరుండే చోట ఈ జాతి మీద ఆంక్షలున్నాయేమో, ఇంటి యజమాని ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. కొన్ని దేశాల్లో, కొన్ని నగరాల్లో ఉన్నాయి. పిల్లదీ, తల్లిదండ్రులదీ బేయర్ రిపోర్టు అడగండి. ఒక్క చెవే పనిచేసే కుక్కని ఇంట్లో చప్పట్లు కొట్టి చూసి కనిపెట్టలేం. మూత్రపిండాల జబ్బు ఈ జాతిలో వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఏటా చేయించాలి, గుండె కూడా చూపించాలి. తెల్లదైతే ఎర్రటెండలో ముక్కు, చెవులు, పొట్ట కమిలిపోతాయి. ఇంతా విని ఇంకా కావాలంటే, షెల్టర్‌కి వెళ్ళి పెద్ద వయసు కుక్కనే చూడండి. దాని స్వభావం అప్పటికే తెలిసి ఉంటుంది. కార్డు మీద ఏం రాసి ఉన్నా, మీరే ఒక పూట దానితో గడిపి చూడండి.

ఇక లెక్కలు. ఆలస్యమైన 11 ఆర్డర్లూ మూడు వారాల్లో పంపుతాను. అంతవరకూ కొత్తవి తీసుకోను. వద్దనుకుంటే చెప్పండి, డబ్బు మొత్తం వాపసు. తర్వాత నుంచి ఏ వస్తువుకైనా 10 రోజులు కాదు, 18 రోజులు అని చెబుతాను, ఎందుకంటే పొద్దున గంటన్నర, సాయంత్రం గంట దానివి. కుక్క వెంట్రుకలు పడనివాళ్ళు ముందే రాయండి, మీ వస్తువు దుకాణంలో కాకుండా పై గదిలో కుడతాను. తెల్ల వెంట్రుక ఒకటి కుట్టులో ఇరుక్కుని కనిపిస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపండి, విప్పి కుట్టిస్తాను.

దుకాణానికి వచ్చేవాళ్ళు ముందు ఫోన్ చేసి రండి. తలుపు నెట్టుకుని లోపలికి రావద్దు, ఎవరో మీద పడ్డట్టు అది బెదురుతుంది. గంట తీసేశాను. గుమ్మం పక్కన స్విచ్ ఉంది, వేస్తే లోపల దీపం వెలుగుతుంది. ముందు అది వస్తుంది, వెనకాల నేనొస్తాను.