పాత తుపాకీ దొరికితే ముందు గరుకు కాగితం పక్కన పెట్టండి

సంపాదకులకు,

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత ఇళ్లు పడగొట్టినప్పుడు అటక మీంచో గోడ గూట్లోంచో తుపాకీ బయటపడటం కొత్త కాదు. వార్తలు మాత్రం ఒకే మూసలో వస్తాయి: బ్రిటిష్ కాలం నాటి తుపాకీ దొరికింది, జనం ఎగబడి చూశారు, పోలీసులు తీసుకెళ్లారు. ఫొటోలో ఆ తుపాకీ తళతళలాడుతూ ఉంటే మాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరో అప్పటికే గరుకు కాగితంతో రుద్దేశారన్నమాట. అది ఏ కార్ఖానాలో పుట్టిందో, ఏ పటాలం చేతికి వెళ్లిందో చెప్పే ముద్రలు వెంట్రుకవాసి లోతున ఉంటాయి. నాలుగు రుద్దులకే చెరిగిపోతాయి. ఆ తర్వాత దాని చరిత్ర చెప్పడం ఎవరి తరమూ కాదు.

ముద్రల కన్నా ముందు ప్రాణం సంగతి చెప్పాలి. మూతి నుంచి మందు కూరే తుపాకుల్లో కొన్ని కూరిన మందుతోనే అటకెక్కి ఉంటాయి. ఆ నల్లటి తుపాకిమందు తడవకుండా ఉంటే నూరేళ్లయినా అంటుకుంటుంది. దొరికిన తుపాకీని కదపకుండా ఠాణాకు కబురు చేయడమే మంచిది. లైసెన్సు ఉండి ఇంట్లో పాతది ఉన్నవాళ్లు మాత్రం ఇలా చూసుకోవచ్చు. సన్నని వెదురు పుల్లను మెల్లగా గొట్టంలోకి దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి అదే గొట్టం పక్కన ఆనించండి. మొహం, చెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు. పుల్ల చివర నిపుల్ (సుత్తి దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీని తొడిగే బొడిపె) దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాల ముందే ఆగిందంటే లోపల మందూ గుండూ ఉన్నట్టే లెక్క. దాన్ని గోకి తీయడం, వేడి చేయడం, కొలిమి దగ్గరికి పట్టుకెళ్లడం వద్దేవద్దు. పోలీసు ఆర్మరర్ (ఆయుధాల బాగోగులు చూసే ఉద్యోగి) చేతికి అప్పగించాలి.

ఇక చట్టం. "పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు" అని ధీమాగా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. వాళ్లు చెప్పేది సగమే నిజం. 1959 ఆయుధాల చట్టం 45(సి) మినహాయింపు ఇచ్చేది పాతకాలపు తరహావో, పురావస్తు విలువ ఉన్నవో, చెడిపోయినవో అయిన ఆయుధాలకే. అది కూడా మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేనివాటికే. "మరమ్మతు చేసినా" అన్న మాట దగ్గరే చాలామంది బోల్తాపడతారు. కమ్మరి ఒక నిపుల్ బిగిస్తే పేలే తుపాకీకి ఆ మినహాయింపు వర్తించదు. పేలుతుందా లేదా తేల్చేది మనమూ కాదు, పక్కింటి రిటైర్డ్ హవల్దారూ కాదు. ఉన్నచోటే ఫొటోలు తీసి, ఐఐసీకి (ఠాణా ఇన్‌స్పెక్టర్-ఇన్-చార్జికి) రాతపూర్వకంగా తెలిపి, కలెక్టరుకు ఒక ప్రతి పంపి, రసీదు తీసుకోండి. తాతల నాటి లైసెన్సు ఆయుధమైతే 21వ సెక్షన్ కింద ఠాణాలో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయవచ్చు. గడువులోగా వారసులు పట్టించుకోకపోతే అది ప్రభుత్వానికి జప్తవుతుంది. 2019 సవరణతో ఒకరి పేర మూడు ఆయుధాలుండే వీలు రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. పాయింట్ 303 అయితే అసలు నిషిద్ధ బోరు (బోరంటే గొట్టం లోపలి వ్యాసం).

ఇప్పుడు మా అసలు గొడవకు వస్తాం. అన్నిటినీ కలిపి "ఎన్‌ఫీల్డ్" అనేస్తారు. ఈస్టిండియా కంపెనీ వాడిన ఇండియా ప్యాటర్న్ మస్కెట్ (లోపల నున్నగా ఉండే పాత రకం తుపాకీ) గొట్టం 39 అంగుళాలు, 1853 ప్యాటర్న్ ఎన్‌ఫీల్డ్ గొట్టమూ 39 అంగుళాలే. పొడవు చూసి పోల్చలేం. మూతి దగ్గర వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) పెట్టి బోరు కొలవాలి. మస్కెట్ 0.75 అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. ఎన్‌ఫీల్డ్ 0.577, అంటే 14.7. అంచు అరిగి ఉంటుంది కాబట్టి రెండు మూడు దిక్కుల్లో కొలిచి చూడండి. కంపెనీ సొత్తయితే లాక్ ప్లేటు (సుత్తి బిగించి ఉండే పక్క రేకు) మీద పాతవాటికి హృదయాకారపు ముద్ర, తర్వాతివాటికి కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం కనిపిస్తాయి.

మరో రకం ఉంది. చూపుకు అచ్చం 1853 ఎన్‌ఫీల్డే, గొట్టానికి అవే మూడు పట్టీలు. లోపల మాత్రం గాళ్లు (గుండును గిర్రున తిప్పి గురి నిలిపే మెలి గీతలు) ఉండవు, బోరు 0.656. "గాళ్లు అరిగిపోయాయండీ" అంటారు దొరికినవాళ్లు. అరగలేదు, కావాలనే తీసేశారు. 1857 తిరుగుబాటు తర్వాత దేశీ సిపాయిల చేతికి గురి తప్పని రైఫిల్ ఇవ్వడానికి కంపెనీ వారసులకు ధైర్యం చాలలేదు. అందుకే 1858 ప్యాటర్న్‌లో గొట్టాన్ని నున్నగా, వెడల్పుగా చేశారు. గురి చూసుకునే వెనక సైటు కూడా నిచ్చెనలా పైకి లేచేది కాదు, కదలని దిమ్మె. మన్యం చరిత్ర రాసేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. ఆ తుపాకీతో ఎంత దూరం నుంచి కొట్టగలిగేవారన్నది దీన్నిబట్టే తేలుతుంది.

ఆ తర్వాతివి పోల్చుకోవడం తేలిక. గొట్టం వెనక భాగం పక్కకు మూతలా తెరుచుకుంటే స్నైడర్. ట్రిగ్గర్ కింద మీట నొక్కితే తెరుచుకునేది మార్టినీ-హెన్రీ. బోల్టు, పది తూటాల మ్యాగజైను ఉంటే లీ-ఎన్‌ఫీల్డ్. దీని మణికట్టు పట్టీ (చేత్తో పట్టుకునే సన్నని చోట ఉండే ఇనుప పట్టీ) మీద కిరీటం, జార్జి రాజును సూచించే జి.ఆర్. లేదా జి.ఆర్.ఐ., కార్ఖానా పేరు, సంవత్సరం వరసగా ఉంటాయి. బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలో స్వాతంత్ర్యం తర్వాత చేసినవాటికి కిరీటం బదులు సింహాల చిహ్నం. బోల్టు, రిసీవరు (బోల్టు కదిలే ఇనుప భాగం), గొట్టం, ముక్కు కొస మీది నంబర్లు ఒకదానితో ఒకటి కలవాలి, లేకపోతే భాగాలు మారినట్టే. మ్యాగజైన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మె కూర్చి ఉంటే అది పోలీసులకు ఇచ్చిన పాయింట్ 410 మస్కెట్. తూటా కూర్చునే చాంబరుకు అడ్డంగా రంధ్రం ఉండి డి.పి. అని కొట్టి ఉంటే డ్రిల్లుకు వాడినది.

నకిలీలూ తక్కువేం కావు. వాయవ్య సరిహద్దులో కొండజాతుల పనివాళ్లు చేసినవాటి మీద ఇంగ్లిష్ అక్షరాలు తిరగబడి ఉంటాయి, విక్టోరియా రాణి పేరిటి వి.ఆర్. ముద్ర కింద 1905 అని ఉంటుంది. విక్టోరియా రాణి పోయింది 1901లో. ఇక మన కమ్మరులు ఒకదాని లాకు, ఇంకొకదాని గొట్టం కలిపి కట్టినవి ఉంటాయి కాబట్టి లాక్ ప్లేటు మీది సంవత్సరాన్ని తుపాకీ వయసుగా రాసేయకూడదు. ఆ ప్లేటులో పూడ్చిన మర రంధ్రాలు కనిపిస్తే, చెకుముకి తుపాకీని టోపీ తుపాకీగా మార్చారని అర్థం.

ముద్ర చదవడానికి రుద్దక్కర్లేదు. చీకటి గదిలో టార్చిని పక్కవాటుగా, దాదాపు ఇనుముకు ఆనించి పట్టండి. అక్షరాల నీడలు లేస్తాయి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఎర్రగా పొడి రాలే తుప్పునే ఆపాలి, గట్టిగా అంటుకున్న గోధుమరంగు పొరను ఉండనివ్వాలి. పలచని మెషిన్ నూనె రాసి రెండు రోజులు నాననిచ్చి, వెదురు చీలికతో గీకి, నూలు గుడ్డతో తుడిస్తే చాలు. ఇత్తడి మడమపట్టీని (భుజానికి ఆనే చివరి రేకును) చింతపండుతో తోమడం మన ఇళ్లలో చెయ్యి తిరిగిన పని. చిలుముతో పాటు పటాలం నంబరు కూడా పోయేది సరిగ్గా అక్కడే. కర్రకు వార్నిషు వద్దు, కొబ్బరినూనె, ఆముదం అసలే వద్దు, జిగట పట్టి దుమ్ము పేరుకుంటుంది. అవిసె నూనె పలచగా ఒక్కసారి రాస్తే సరి. తోలు తొడుగులో దాచితే లోపలి చెమ్మకు తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. దసరాకు ఆయుధపూజ మానమని ఎవరూ అనరు గానీ, తడి పసుపు, కుంకుమ ఇనుము మీద కాకుండా మడమ చెక్క మీద పెట్టండి. ముద్రల గుంటల్లో ఇరుక్కున్న తడి పసుపు ఏడాది పొడవునా చెమ్మ పీలుస్తూనే ఉంటుంది.

వివరాల కోసం భువనేశ్వర్ ఒక్కటే వెతికి వెనక్కి వచ్చేసేవాళ్లకు ఒక మాట. 1936 ఏప్రిల్ 1 వరకు పర్లాకిమిడి గంజాం జిల్లాలో, జయపురం, రాయగడ, గుణుపురం విశాఖపట్నం జిల్లాలో, అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆనాటి జిల్లా కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడక తప్పదు. పోల్చి చూసుకోవడానికి అసలు ఆయుధాలు కావాలంటే భువనేశ్వర్ రాష్ట్ర మ్యూజియంలోనూ, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఆయుధాల గ్యాలరీలున్నాయి.

జిల్లా అధికారులకు మా విన్నపం ఒక్కటే. జప్తు చేసిన పాత ఆయుధాలను ధ్వంసం చేసే ముందు ప్రతిదానికీ లాక్ ప్లేటు, గొట్టం మొదలు, మడమపట్టీ ఫొటోలు, బోరు కొలత ఒక రిజిస్టరులో ఎక్కించాలి. విలువైనవాటిని పనికిరాకుండా చేసి మ్యూజియానికి పంపే అవకాశం పరిశీలించాలి. మీ విలేకరులకూ ఒక మనవి: ఈసారి తుపాకీ దొరికితే, దాన్ని పట్టుకుని నిలబడ్డ పదిమంది ఫొటో బదులు లాక్ ప్లేటు దగ్గరి ఫొటో ఒక్కటి అచ్చువేయండి.

ఇట్లు,
పాత ఆయుధాల ముద్రలు నమోదు చేసుకునే కొందరు పాఠకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా